వెంకటరావమ్మ ఏడవని శవం

మా వైపు మనిషి పోతే మొదటి ఫోను శివనాగరాజుకి వస్తుంది. బంధువులకి చెప్పటం ఆ తర్వాత. అద్దంకి బస్టాండు వెనక సందులో అతని కొట్టు. శవాన్ని పెట్టే ఫ్రీజర్ బాక్సు, టెంటు, ప్లాస్టిక్ కుర్చీలు, పోయినవాడి ఫొటో వేసిన ఫ్లెక్సీ, స్పీకర్లు, చివర్లో ఊరేగించే వ్యాను, అన్నీ అతని దగ్గరే దొరుకుతాయి. ఆ బాక్సుని ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని ఊళ్ళకి తోలేది నేను. డిగ్రీ మధ్యలో మానేసినవాడికి ఈ చుట్టుపక్కల దొరికే పనుల్లో ఇది మరీ చెడ్డదేమీ కాదు. చావింట్లో ఎవరూ బేరం ఆడరు.

శివనాగరాజు ఒకప్పుడు పాటల మనిషి. వాళ్ళ నాన్నది మైకు సెట్టు. పెళ్ళిళ్ళకీ తిరనాళ్ళకీ రికార్డులు వేసేవాడు. కొడుకు క్యాసెట్ల కొట్టు పెట్టాడు. ఖాళీ క్యాసెట్టు తెచ్చి, కావలసిన పాటల పేర్లు చెప్పిపోతే సాయంత్రానికి ఎక్కించి ఇచ్చేవాడు. సీడీలు వచ్చి క్యాసెట్లని తినేశాయి. సెల్‌ఫోను చిప్పులు వచ్చి సీడీలని తినేశాయి. కొన్నాళ్ళు ఒక్కో చిప్పులో వెయ్యి పాటలు నింపి బతికాడు. తర్వాత జనానికి చిప్పు కూడా అక్కర్లేకపోయింది. పాట ఊరికే వచ్చేటప్పుడు పాటలమ్మేవాడు ఏం చెయ్యాలి అని అడిగితే, మనిషికి పాట వెతుక్కునే ఓపిక లేని చోటికి పోవాలి అంటాడు. అలా చావిళ్ళకి పోయాడు. అక్కడ అతనికి వెంకటరావమ్మ గొంతు దొరికింది.

వెంకటరావమ్మది గుండ్లపాలెం. అరవై దాటింది. మిరప కోతల కాలంలో ఆడకూలీల ముఠా నడుపుతుంది. ఘాటుకి ముక్కూ మూతీ కలిపి గుడ్డ కట్టుకుని, సాలు సాలుకీ తిరుగుతూ, పచ్చికాయ తుంచినవాళ్ళనీ కొమ్మ విరిచినవాళ్ళనీ తిడుతూ ఉంటుంది. పెద్ద గొంతు. కానీ పాట రాదు. నాట్లలో, పెళ్ళిళ్ళలో పక్కవాళ్ళు పాడుతుంటే నోరు మూసుకుని వింటుంది. ఆమెకి వచ్చిందల్లా ఏడవటం.

మా ఊళ్ళల్లో ఆడవాళ్ళు శవం దగ్గర కూర్చుని రాగం తీసి ఏడుస్తారు. శోకాలు పెట్టటం అంటాం. చాలామందివి ఒకే రకంగా ఉంటాయి. మమ్మల్ని దిక్కులేని వాళ్ళని చేసి పోయావా అంటారు, ఇంకెవరు దిక్కు అంటారు, కాసేపటికి లేచి మంచినీళ్ళు తాగుతారు. వెంకటరావమ్మవి అలా ఉండవు. ఆమె చావింట్లో అడుగుపెట్టగానే ఏడవదు. ముందు ఇల్లంతా తిరుగుతుంది. దండెం మీద ఏం బట్టలున్నాయో, మంచం కింద ఏం పడి ఉందో చూస్తుంది. ఆఖరికి ఏం తిన్నాడని అడుగుతుంది. ఎవరిని ఏమని పిలిచేవాడో కనుక్కుంటుంది. అప్పుడొచ్చి తల దగ్గర కూర్చుని మొదలుపెడుతుంది. కరువులో అమ్మేసిన ఎద్దు పేరు అందులోకి వస్తుంది. పొగాకు కాల్చే బేరను దగ్గర నిప్పు చూసుకుంటూ అతను తినకుండా వదిలేసిన చద్దన్నం వస్తుంది. పెళ్ళాన్ని కొట్టినవాడైతే అదీ వస్తుంది, కొట్టిన కర్ర ఏ చెట్టుదో దానితో సహా.

చావింట్లో ఆడమనిషి ఏడుస్తూ అన్నమాటకి ఎవరూ తిరిగి మాట అనకూడదు. అది మా దగ్గర కట్టు. పంచాయితీలో నోరెత్తలేని ఆడవాళ్ళు కూడా అక్కడ చెప్పుకుంటారు. అందుకే కొన్ని ఇళ్ళవాళ్ళు వెంకటరావమ్మ ఎప్పుడొస్తుందా అని చూస్తారు, కొన్ని ఇళ్ళవాళ్ళు రాకుండా ఉంటే బాగుండునని చూస్తారు. పిలిచినా పిలవకపోయినా ఆమె వెళుతుంది. పెద్దకర్మ నాడు ఒక చీర పెడతారు, తీసుకుంటుంది. మొగుడు బుల్లయ్య పోయినప్పుడు పొద్దున కూర్చున్నది ఎండ నడినెత్తికి వచ్చిందాకా ఏడ్చింది. అతను తాగిన కొట్లూ, పక్కన కూర్చుని తాగించినవాళ్ళ పేర్లూ వరసగా రావటం మొదలయ్యేసరికి బుల్లయ్య స్నేహితులు ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కున్నారట. ఆ సంగతి ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు.

ఈ విద్య ఆమె తల్లి రత్తమ్మ దగ్గర నేర్చుకుంది. చావింటికి ఉత్త నోటితో పోకూడదే, చూసుకుని పోవాలి అని రత్తమ్మ చెప్పేదట. రత్తమ్మ కాలవకి అవతల దాసరిపాలెంలో కొడుకు మాలకొండయ్య దగ్గర ఉండేది. ఉండేది అంటే, గొడ్ల కొట్టం పక్కన రేకుల వసారాలో ఉండేది. అన్నం అక్కడికే వచ్చేది, గుర్తున్నప్పుడు. వెంకటరావమ్మ వెళ్ళి తల దువ్వి, బట్టలుతికి వచ్చేది. తన ఇంటికి తీసుకుపోతానంటే మాలకొండయ్య ఒప్పుకోలేదు. తల్లిని కూతురి ఇంటికి తోలాడని ఊరు అనుకుంటుందని అతని భయం.

ఒకరోజు పొద్దుపొడుపున రత్తమ్మ పోయింది. కాలవ దాటితే వచ్చే ఊరికి కబురు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. వెంకటరావమ్మ పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి వాకిలి కడిగేసి ఉంది. మగవాళ్ళు శ్మశానం నుంచి తిరిగొచ్చి స్నానాలు చేస్తున్నారు. ఎండాకాలం, శవం ఆగదని తొందరపడ్డామన్నాడు మాలకొండయ్య. అసలు కారణం ఊరందరికీ తెలుసు. చెల్లెలొచ్చి తల దగ్గర కూర్చుంటే రేకుల వసారా బయటికొస్తుంది, గుర్తులేని రోజుల అన్నం బయటికొస్తుంది, ఊరంతా వింటుంది, తిరిగి మాట అనటానికి ఉండదు. అందుకని శోకం మొదలవకముందే తల్లిని కాల్చేశాడు.

వెంకటరావమ్మ ఆరోజు ఏడవలేదు. తడి వాకిట్లో నిలబడి అన్నతో అంది:

"అమ్మ మీద నా నోరు నొక్కావు. నీ మీద నా నోరు లేవదు. నువ్వు పోయిన్నాడు ఈ వాకిట్లో నా గొంతు వినపడదు."

వేరే చోట ఇది చిన్నమాట కావచ్చు. మా దగ్గర కాదు. తోడబుట్టిన ఆడది ఏడవని శవం గురించి తర్వాత రెండు తరాలు చెప్పుకుంటారు. అప్పటినుంచి అన్నాచెల్లెళ్ళకి మాటల్లేవు. ఆమె కాలవ వంతెన దాటలేదు. ఎరువుల కొట్టు దగ్గర ఎదురుపడితే ఇద్దరూ ఎరువుల బస్తాల వైపు చూసుకునేవాళ్ళు. ఆస్తి లేదు, పలుకుబడి లేదు, అన్నని శిక్షించటానికి ఆమె చేతిలో ఉన్నది ఆ ఒక్క మౌనమే. ఇరవై ఏళ్ళపాటు దాన్ని దాచుకుంది.

నాలుగేళ్ళ కిందట గుండ్లపాలెంలో బాపయ్య అనే రైతు పోతే బాక్సు దించటానికి శివనాగరాజే వెళ్ళాడు. వెంకటరావమ్మ శోకం మొదలుపెట్టింది:

చెప్పులు వాకిట్లో వదిలి ఏ చేలోకి పోయావు బాపయ్య మావా
కరెంటొచ్చింది మావా, మోటారెయ్యను లేవవేంది
కాయ ఎర్రబడింది మావా, కల్లం ఎవరు ఊడవాలి

మగవాళ్ళు కండువాలు మూతికి అడ్డం పెట్టుకున్నారు. శివనాగరాజు ఫోను తీసి రికార్డు చేశాడు. దొంగతనంగా ఏం కాదు, అందరి ముందే చేశాడు. పాటల మీద బతికినవాడి చెవి, ఊరుకోలేదు. దాన్ని చీరాలలో ఉన్న అనిల్ కుమార్ అనే కుర్రాడికి పంపాడు. అనిల్ కుమార్‌కి స్టూడియో ఉంది. స్టూడియో అంటే మేడ మీద ఒక గది, గోడలకి కోడిగుడ్ల అట్టలు, ఒక కంప్యూటరు, ఒక కీబోర్డు. తిరనాళ్ళ పాటలకి డీజే మిక్సులు చేసి యూట్యూబులో పెట్టటం అతని పని. ఆమె గొంతు వెనక ఒక వేణువు వేసి "వెంకటరావమ్మ శోకం" అని పేరు పెట్టి వదిలాడు. వేణువు కూడా కంప్యూటరు ఊదిందే. లక్షలమంది చూశారు. అంతమంది పనిమానుకుని పరాయి చావుని ఎందుకు వింటారో నాకు అర్థం కాలేదు. కింద అందరూ దండం పెట్టే చేతుల బొమ్మలు పెట్టారు.

ఆ తర్వాత ప్రతి బాక్సుతోపాటూ ఆ పాట వెళ్ళింది. ఇటు పొదిలి, అటు తాడేపల్లి దాకా పోయింది. తాడేపల్లిలో ఐదో అంతస్తులో పోయిన రిటైర్డు బ్యాంకు మేనేజరుని కూడా వెంకటరావమ్మ కరెంటొచ్చింది, మోటారెయ్యను లేవమంది. వాళ్ళు దాన్ని భరించారు. పేరుని భరించలేకపోయారు. మా నాన్నగారి పేరు బాపయ్య కాదండీ అని ఫోన్లు వచ్చేవి. ఇంకొకడి పేరు పెట్టి ఏడిస్తే ఆ ఏడుపు దారితప్పి వాడికే పోతుందని పొదిలిలో ఒక ముసలాయన స్పీకరు వైరు పీకేశాడు.

అనిల్ కుమార్ దానికీ దారి కనిపెట్టాడు. ఒక మనిషి గొంతు నేర్చుకుని, మనం ఏం రాసిస్తే అది ఆ గొంతుతో పలికే ప్రోగ్రాములు వచ్చాయి కదా. వెంకటరావమ్మ గొంతుని దానికి నేర్పాడు. ఇప్పుడు పోయినవాడి పేరు, వరస, చేసిన పని వాట్సాప్‌లో పంపితే చాలు, టీ తాగి వచ్చేలోపు ఆమె గొంతుతో శోకం వస్తుంది. ఎక్కిళ్ళు ఎక్కువ ఉండాలా తక్కువ ఉండాలా అని కూడా అడుగుతాడు.

మొదట్లో ఆమెకి ఇది తమాషాగానే ఉండేది. కోడలు ధనశ్రీ ఫోనులో వినిపిస్తే, బానే ఏడ్చానే అందట. తర్వాత పిలుపులు తగ్గిపోయాయి. పిలవకపోయినా వెళ్ళే మనిషి కాబట్టి వెళ్ళేది. ఒక ఊళ్ళో నేను చూశాను. ఆమె అలవాటు ప్రకారం ఇల్లంతా తిరిగి, ఆఖరికి ఏం తిన్నాడో కనుక్కుని, వచ్చి తల దగ్గర కూర్చుంది. స్పీకరులో ఆమె గొంతే ఏడుస్తోంది. ఆగితే మొదలుపెడదామని చూసింది. అది ఆగేది కాదు, అయిపోగానే మళ్ళీ మొదటికొస్తుంది. పక్కన కూర్చున్న ముసలామె ఆమె మోకాలు తట్టి, "నువ్వు నోరు మూసుకునే ఉన్నావు. మరి ఆ డబ్బాలో దూరి ఏడ్చేది ఎవతే?" అంది. ఆడవాళ్ళు నవ్వాపుకోలేక కొంగులు అడ్డం పెట్టుకున్నారు. వెంకటరావమ్మ కూడా నవ్వింది. కాసేపుండి లేచి వెళ్ళిపోయింది.

తర్వాత ఒకరోజు అద్దంకిలో కొట్టుకి వచ్చింది. శివనాగరాజు కుర్చీ వేసి టీ తెప్పించాడు. అతను చెడ్డవాడేం కాదు. నీ పేరు ఎక్కడా తీసెయ్యలేదు పిన్నీ, ఏడాదికో మంచి చీర పెడతా, నువ్వు ఎండనపడి తిరగకుండా నీ గొంతే తిరుగుతోంది అని చెప్పుకొచ్చాడు. ఆమె టీ తాగింది. చీర మాట వినిపించుకోలేదు.

"ఒక్క ఇంట్లో మాత్రం ఇది ఎయ్యొద్దురా నాగరాజూ," అంది.

ఎవరి ఇల్లో అతను అడగలేదు.

"నేను ఏడవను అంటే అప్పట్లో దానికో లెక్క ఉండేది. ఇప్పుడు నేను ఏడవకపోయినా ఏడ్చినట్టే ఉంది. ఆ ఒక్క శవం నాకు వదిలెయ్యి."

శివనాగరాజు పక్కనున్న ఖాళీ బాక్సు మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టాడు. మాట తప్పలేదు కూడా. అతను మాట తప్పాల్సిన అవసరం లేకుండానే జరిగింది. ఈ కొత్త వ్యాపారంలో ఉన్న సుఖం అదే, ఎవరూ మాట తప్పక్కర్లేదు.

మాలకొండయ్య ఫిబ్రవరిలో పోయాడు, రెండో కోత నడుస్తుండగా. ఊపిరితిత్తుల జబ్బుతో చాన్నాళ్ళు మంచంలో ఉన్నాడు. బాక్సు తీసుకెళ్ళింది నేనే. బయల్దేరేముందు శివనాగరాజు ఆటో పక్కన నిలబడి, అక్కడ పిన్ని శోకం వెయ్యొద్దు, శ్లోకాలు వెయ్యి అని గట్టిగా చెప్పాడు. శ్లోకాలే వేశాను. కాసేపటికి పోయినాయన కొడుకు చైతన్యకృష్ణ వచ్చాడు. గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం చేస్తాడు, నెమ్మదస్తుడు. నా ఫోను తీసేసి స్పీకరుకి తన ఫోను కలుపుకున్నాడు. అతని దగ్గరున్న శోకం మా కొట్లో కొన్నది కాదు. అనిల్ కుమార్ దగ్గర నేరుగా చేయించింది.

మాలకొండయ్య అన్నా, మమ్మల్ని విడిచి ఏ లోకం పోయావన్నా
నీడనిచ్చే చెట్టువే, నాకు నీడ ఇంకెవరన్నా

మా స్పీకర్లు మంచివి. దాసరిపాలెంలో పెడితే కాలవ దాటి గుండ్లపాలెం చేలల్లోకి వినపడుతుంది.

ఆ చేలో జరిగింది ముఠా ఆడవాళ్ళు చెబితే నాకు తెలిసింది. అన్న పోయిన కబురు వెంకటరావమ్మకి పొద్దున్నే అందింది. రోజూలాగే పనిలోకి వచ్చింది. అందరూ వంగి కాయ కోస్తున్నారు. గాలి ఇటు తిరిగి పాట వినపడింది. ఎక్కడిదో చావుపాటే కదా అని మొదట ఎవరూ పట్టించుకోలేదు. పేరు వినపడేసరికి ఒక్కొక్కరే నడుము ఎత్తారు. కాలవ అవతల వెంకటరావమ్మ అన్నా అన్నా అని ఏడుస్తోంది. ఇక్కడ సాలు మధ్యలో మూతికి గుడ్డ కట్టుకుని వెంకటరావమ్మ నిలబడి ఉంది.

అప్పుడు గట్టు మీద లాల్ అహ్మద్ బండి ఆపాడు. కల్లాల దగ్గర కాయ బేరం చేసి కొనే మనిషి, దాసరిపాలెం వైపు నుంచే వస్తున్నాడు. మూతులకి గుడ్డలు కట్టుకుంటే ఎవరు ఎవరో తెలియదు. అందుకని అందరినీ కలిపి పలకరించాడు. "మీ మేస్త్రి లేకుండా పని బానే జరుగుతుందే," అన్నాడు. "మంచిపని చేసిందిలే ఆవిడ. చచ్చినోడితో పంతమేంది. చెల్లెలొచ్చి ఏడుస్తుందని ఆ వీధి వీధంతా చెప్పుకుంటున్నారు. రోడ్డు మీదికి వినపడుతుంటే నాకే గుండె పట్టేసింది."

వెంకటరావమ్మ మూతి గుడ్డ కిందికి లాగింది. లాల్ అహ్మద్ ఆమె వైపు చూశాడు, కాలవ వైపు చూశాడు, బండి తోలుకుపోయాడు.

ఆమె గంప దించి గట్టు మీద కూర్చుంది. ఇక్కడే ఉంటే అక్కడ ఏడ్చినట్టే. ఆ వీధిలో విన్నవాళ్ళని ఒక్కొక్కరినీ పట్టుకుని అది నేను కాదని చెప్పుకోవటం అయ్యేపని కాదు. ఏడవలేదని జనానికి తెలియాలంటే వాళ్ళ కళ్ళముందు కూర్చుని ఏడవకుండా ఉండాలి. ఇరవై ఏళ్ళుగా ఏ ఇంటికి వెళ్ళకుండా మాట నిలబెట్టుకుందో, ఆ మాట నిలబెట్టుకోవటానికి ఇప్పుడు ఆ ఇంటికే వెళ్ళాలి. లేచి వంతెన వైపు నడిచింది.

ఆమె వాకిట్లోకి వచ్చేసరికి నేను స్పీకరు పక్కనే ఉన్నాను. జనం దారి ఇచ్చారు. అరుగు మీద ముసలివాళ్ళు ఆమెనీ స్పీకరునీ మార్చి మార్చి చూశారు. అప్పటిదాకా ఆమె లోపలెక్కడో ఉందనుకున్నవాళ్ళు చాలామందే. ఆమె నేరుగా నా దగ్గరికి వచ్చి, "ఆపు అబ్బాయ్," అంది. ఫోను నాది కాదన్నాను. చైతన్యకృష్ణ లేచి వచ్చి ఆపాడు. ఫ్రీజర్ మోటారు చప్పుడు మిగిలింది.

"ఎవరు చేయించార్రా ఇది?"

"నాన్నే చేయించుకున్నాడత్తా. మంచంలో పడ్డాక తనే అనిల్ కుమార్‌తో ఫోనులో మాట్లాడాడు. నేను పోతే ఇది వెయ్యి, మీ అత్త ఎటూ రాదు అన్నాడు."

"విన్నాడా?"

"రోజూ వినేవాడు."

విని ఏమనేవాడని వెంకటరావమ్మ అడిగింది.

చైతన్యకృష్ణ బాక్సు వైపు చూశాడు. "మొదటిసారి విన్నప్పుడు, ఇందులో అమ్మ పేరు రాలేదేందిరా అన్నాడు. నాయనమ్మ పేరు కూడా పెట్టిస్తా నాన్నా అన్నాను. వద్దన్నాడు. మీ అత్తే వచ్చి ఏడిస్తే మొదటి మాట అమ్మ మాటే వచ్చేది, ఇది అది కాదులే అన్నాడు."

"కాదని తెలిసి ఎందుకు విన్నాడు?"

"గొంతు నీదేగా అత్తా."

ఆమె ఇల్లు తిరిగి చూడలేదు. ఆఖరికి ఏం తిన్నాడని అడగలేదు. వెళ్ళి బాక్సుకి తల వైపు కూర్చుంది. చేలో నుంచి అలాగే వచ్చింది కాబట్టి చీరంతా మిరప ఘాటు. పక్కనున్న ఆడవాళ్ళకి తుమ్ములొచ్చాయి, కళ్ళవెంట నీళ్ళు కారాయి. ఆమె కళ్ళు పొడిగా ఉన్నాయి. వచ్చినదానివి ఒక్క రాగం తియ్యవే, పోయినోడు వింటాడు అని ఒక పెద్దామె బతిమాలింది. వెంకటరావమ్మ అద్దంలోంచి అన్న మొహం చూస్తూ కూర్చుంది. శోకం రాక, పాట లేక, జనం ఇబ్బందిగా కదిలారు. చప్పుడు లేని చావింట్లో కూర్చోవటం ఇప్పుడు ఎవరికీ చేతకాదు. కనీసం శ్లోకాలన్నా వెయ్యమని ఇద్దరు నా దగ్గరికి వచ్చి అడిగారు. చైతన్యకృష్ణ వద్దని చెయ్యి ఊపాడు. శవాన్ని లేపేదాకా అలాగే గడిచింది.

వ్యాను వద్దన్నారు. పాడె కట్టారు. తల వైపు మోసేవాళ్ళలో ఒకడు తక్కువైతే నేను పట్టాను. దాసరిపాలెంలో శ్మశానానికి పోయే డొంకలో సగం దారికి దింపుడు కళ్ళం ఉంది. పాడె అక్కడ కిందికి దించుతారు. డప్పులు ఆపేస్తారు. రక్తసంబంధం ఉన్నవాళ్ళు శవం చెవి దగ్గర మూడుసార్లు వరస పెట్టి పిలుస్తారు. కొసప్రాణం ఉంటే పలుకుతాడేమోనని ఆశ. ఆడవాళ్ళు అక్కడిదాకా వచ్చి వెనక్కి తిరిగిపోతారు.

చైతన్యకృష్ణ నాన్నా అని పిలిచాడు. ఊరిపెద్ద ఒకాయన, ఇంకా పిలిచేవాళ్ళెవరన్నా ఉన్నారా అని అడుగుతూ, వెంకటరావమ్మ మొహం చూడలేక డొంక వైపు చూశాడు. ఆమె ముందుకి వచ్చింది. మోకాళ్ళ మీద వంగి శవం చెవి దగ్గర మూతి పెట్టింది. రాగం తియ్యలేదు. అన్నా అని పిలవలేదు.

"రత్తమ్మ," అంది.

మళ్ళీ, "రత్తమ్మ." మూడోసారీ అదే. తెలియని ఊరికి పోయేవాడికి అక్కడ ఎవరి ఇల్లు అడగాలో చెప్పినట్టు, మామూలు గొంతుతో చెప్పింది. లేచి, చీరకంటిన మట్టి దులుపుకుని, ఆడవాళ్ళకంటే ముందే వెనక్కి నడిచింది.

ఆ మాట విన్నవాళ్ళం పాడె పక్కనున్న నలుగురమే. మర్నాడు టీ కొట్లో ఆమె మాట నిలబడిందా పోయిందా అని వాదులాడుకున్నారు. ఏడవలేదు కాబట్టి నిలబడిందని కొందరు, శవం దగ్గర నోరు తెరిచాక ఇంకేం నిలబడటమని కొందరు. నన్ను అడిగితే, ఆమె అన్నది తల్లి పేరు, అన్న పేరు కాదు అని చెప్పి ఊరుకున్నాను.

వెనక నిలబడిన వాళ్ళెవరో ఫోనులో వీడియో తీశారు. దూరం నుంచి తీసింది, అందులో ఆమె వీపు, వంగటం, లేవటం తప్ప ఏమీ లేదు. మాటలు వినపడవు. ఒకట్రెండు రోజుల్లో దానికి ఆ పాట అతికించారు. అన్నా మాలకొండయ్యా అని ఆమె గొంతు ఏడుస్తుంటే ఆమె బొమ్మ శవం మీదికి వంగుతుంది. పైన, పంతం వీడి అన్న మీద విలపించిన చెల్లెలు అని రాసి ఉంది. ఎవరు చేశారో తెలియదు. ఎవరైనా చెయ్యగలరు. అద్దంకి చుట్టుపక్కల ఫోనున్న ప్రతివాడికీ అది చేరింది, దండం పెట్టే చేతుల బొమ్మలతో సహా.

శివనాగరాజు భయపడి, తన ప్రమేయం లేదని చెప్పుకోవటానికి గుండ్లపాలెం వెళదామన్నాడు. ఆటో నేనే తోలాను. వెంకటరావమ్మ కల్లంలో ఎండబోసిన కాయ దగ్గర కూర్చుని రంగు పోయిన తాలుకాయ ఏరి పక్కకి వేస్తోంది. శివనాగరాజు నిలబడే అంతా చెప్పాడు. ఆమెకి వీడియో సంగతి అప్పుడే తెలిసింది. ధనశ్రీ ఫోనులో అప్పటికే ఉంది కానీ అత్తకి చూపించటానికి జంకి దాచింది. తెమ్మంటే తెచ్చి చూపించింది. వెంకటరావమ్మ చేతులు కొంగుకి తుడుచుకుని, ఫోను దూరంగా పట్టుకుని చివరిదాకా చూసింది.

"దీన్ని చెరిపెయ్యటం కుదరదా?"

అన్ని ఫోన్లలోకి పోయాక కుదరదు పిన్నీ అన్నాడు శివనాగరాజు. ఆమె తల ఊపింది. ఫోను కోడలికి ఇచ్చి, "ఆ సౌండు తీసేసి పెట్టు," అంది.

ధనశ్రీ సౌండు తీసేసి పెట్టింది. ఆమె బొమ్మ నడిచొచ్చింది, వంగింది, లేచింది, మట్టి దులుపుకుని వెళ్ళిపోయింది. ఇంకోసారి పెట్టమని, అదీ చూసింది.

"ఎవరన్నా అడిగితే ఇట్టా చూపించు," అని ఫోను ఇచ్చేసి, మళ్ళీ తాలుకాయ ఏరటం మొదలుపెట్టింది.